కుంతి వాళ్ళ ఊరికి

ఆ చలికాలం కొరాపుట్ స్టేషన్‌లో పొద్దుటి పూట పట్టాలు కనిపించేవి కావు. మంచు ప్లాట్‌ఫారం అంచుదాకా వచ్చి ఆగేది. రైలు వచ్చిందని కూతను బట్టి తెలుసుకోవాలి. దిగినవాళ్ళు నాలుగడుగులు వేసేసరికి ఆ తెల్లదనంలో కలిసిపోయేవారు. టికెట్ కౌంటర్లో కూచున్న నీలవేణికి కిటికీ అవతల ఊరూ కొండలూ ఉన్నాయో లేవో అని ఒక్కోసారి అనుమానం వచ్చేది.

పొద్దుటి డ్యూటీ ఆమె ఈమధ్యే కోరి వేయించుకున్నది. తల్లి పోయినప్పటి నుంచి తెల్లవారుజామున నిద్ర పట్టదు. భర్త సుమంత్ దామంజోడి రిఫైనరీలో టెక్నీషియన్. అతను షిఫ్టు బస్సు కోసం లేచేలోపే ఆమె స్వెట్టరు మీద శాలువా కప్పుకుని రైల్వే క్వార్టర్స్ నుంచి నడిచి వచ్చేసేది.

ఒకరోజు కిటికీ కంతలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. నల్లటి సన్నటి చెయ్యి. మణికట్టు నుంచి మోచేతిదాకా పచ్చబొట్టు చుక్కలు.

"టికెట్టు ఇయ్యి మేడమ్," అంది బయటి గొంతు, తెలుగులోనే.

"ఎక్కడికి?"

"సిరిసిగుడ."

నీలవేణి కంప్యూటర్లో వెతికింది. ఆ పేరుతో స్టేషన్ లేదు.

"అలాంటి స్టేషన్ లేదమ్మా. దగ్గర్లో ఏ స్టేషనో చెప్పు."

"స్టేషను నేదు. ఊరే ఉన్నాది."

చెయ్యి వెనక్కి పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే ఊరు అడిగింది. పాయింట్స్‌మన్ నవ్వాడు. "అది కుంతి, మేడమ్. పాత గూడ్సు షెడ్డు అరుగు మీద పడుకుంటాది. కౌంటర్లోకి కొత్తగా ఎవలొచ్చినా ఇలగే అడుగుతాది. కొంచెం తేడా మనిషి. మీరు పట్టించుకోకండి."

నీలవేణి పట్టించుకోకుండానే ఉందామనుకుంది. కానీ ఆ చెయ్యి రానిరోజున కిటికీకేసి చూస్తూ కూచున్నానని గమనించుకుంది. మళ్ళీ వచ్చినప్పుడు అడిగింది.

"ఆ ఊరు ఎక్కడుందమ్మా?"

కంతలోని చెయ్యి వెనక్కి పోకుండా అక్కడే ఆగింది. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదేమో.

"నీల్ల కింద," అంది కుంతి.

రాయగడ వైపు బండి వెళ్ళిపోయాక నీలవేణి ఫ్లాస్కు పట్టుకుని బయటికి వచ్చింది. కుంతి షెడ్డు అరుగు మీద గోనెసంచి పరుచుకుని కూచుంది. వయసు యాభై దాటి ఉంటుంది, చూడటానికి ఇంకా ఎక్కువ. పక్కన రైళ్ళలోంచి ఏరుకొచ్చిన ప్లాస్టిక్ సీసాల మూట. వాటిని అమ్ముకునే బతుకుతోంది. నీలవేణి మూతలో టీ పోసి అందించింది. కుంతి చెయ్యి చాపలేదు.

"నిలబడి ఇచ్చినోలు ఎల్లిపోతారు. కూకుంటే తాగుతాను."

నీలవేణి అటూ ఇటూ చూసింది. యూనిఫాం చీర కుచ్చిళ్ళు సర్దుకుని గోనెసంచి మీద ఓ పక్కగా కూచుంది. అరుగు మంచులా ఉంది. కుంతి టీ తీసుకుని, సగం తాగి, మిగతా సగం ఆమెకే తిరిగి ఇచ్చింది. నీలవేణి ఒక్క క్షణం ఆగి, తాగింది.

అలా మొదలైంది. రాయగడ బండి వెళ్ళాక ఇద్దరూ కూచునేవారు. కుంతి పార్వతీపురం వైపు ఇటుకల బట్టీల్లో ఏళ్ళకేళ్ళు పనిచేసింది. ఆ తెలుగు అక్కడ పట్టుబడ్డదే. మొగుడు బట్టీ దగ్గరే ఇంకో మనిషితో వెళ్ళిపోయాడు. పిల్లల్లేరు. నడుము పట్టేశాక బట్టీవాళ్ళు వద్దన్నారు. ఊరికి పోదామని రైలెక్కి కొరాపుట్‌లో దిగింది. దిగాక గానీ గుర్తు రాలేదు, పోవడానికి ఊరు లేదని.

"నాను సిన్నపిల్లనప్పుడు డేము కట్టేరు అమ్మి," అని చెప్పింది ఒకరోజు. మేడమ్ పోయి అమ్మి ఎప్పుడయిందో నీలవేణి గమనించనే లేదు. "ముందు పొలాల్లోకి ఒచ్చేయి నీలు. తరవాత ఈదిలోకి. మమ్మల్ని లారీ ఎక్కించేరు. అమ్మ అప్పటికే సచ్చిపోనాది. ఇప్పసెట్ల కింద కప్పెట్టేరు, రాయి పెట్టేరు. లారీ కదిలితే నాను ఏడిసేను. అందరం ఎల్లిపోతన్నాం, అమ్మ ఒక్కతీ ఉండిపోనాది అని."

నీలవేణి గోనెసంచి మీద ఆమెకు దగ్గరగా జరిగింది.

"నిద్దరోతే ఊరెల్తాను," అని కొనసాగించింది కుంతి, సంతకు వెళ్ళొచ్చిన సంగతి చెప్పినంత మామూలుగా. "తలుపులన్నీ తీసే ఉంతాయి. సేపలు ఇల్లల్లోకి ఎల్లి బయటికొత్తాయి, కోల్లు తిరిగినట్టు. అమ్మ అరుగు మీద సోల్లు దంపుతాది. దుమ్, దుమ్. నన్ను సూసి నవ్వుతాది గానీ మాటాడదు. నోరు తెరిస్తే నీలెల్లిపోతాయి గదా."

మంచులోంచి ఎక్కడో ఇంజను షంటింగ్ చేస్తున్న చప్పుడు మెత్తగా వినిపిస్తోంది. నీలవేణికి ఆ ఊరు కళ్ళకు కట్టింది. ఆకుపచ్చటి వెలుగు, ఊగే వెంట్రుకల్లాంటి నాచు, ముగ్గు చెరగని గుమ్మాలు.

"అమ్మకి అంబలి పోసినోలు నేరు. నాను ఎల్లి పోసి రావాల. అందుకే టికెట్టు అడుగుతాను."

ఆ మాట విన్న రోజున నీలవేణి తన తల్లి గురించి చెప్పింది. ఇంతవరకు సుమంత్‌కి తప్ప ఎవరికీ వివరంగా చెప్పలేదు. తల్లి బాలామణి రాయగడ రైల్వే కాలనీలో ఉండేది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు అక్కడి ఆసుపత్రిలో పోయింది. అప్పుడే నీలవేణికీ జ్వరం. కొరాపుట్‌లో గది తలుపు వేసుకుని పడుకుంది. ఫోన్లో చెప్పారు, మునిసిపాలిటీవాళ్ళు తీసుకెళ్ళి పాతిపెట్టేశారని. ప్రార్థన లేదు, పాట లేదు. తల ఎటువైపు పెట్టారో కూడా తెలియదు. ఆ తర్వాత ఆమె రాయగడ వెళ్ళలేదు. రోజూ ఎందరికో రాయగడ టికెట్లు ఇస్తుంది. తను మాత్రం ఆ బండి ఎక్కలేదు.

"ప్రార్థన చేస్తాను అప్పా," అంది, అక్కను పిలిచినట్టు. "మాటలు వస్తాయి. అంతే."

కుంతి ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఏ సలహా ఇవ్వలేదు. తరవాతి బండి వచ్చేదాకా అలాగే ఉంచుకుంది.

క్రిస్మస్ ముందు, నీలవేణి వెళ్ళే తెలుగు క్రైస్తవ సంఘంవాళ్ళు స్టేషన్ దగ్గర దుప్పట్లు పంచారు. సంఘ పెద్ద తిరుపతిరావు రైల్వేలో చేసి రిటైరయిన మనిషి. ఆదివారం ఆరాధన ఆయన ఇంటి హాల్లోనే జరుగుతుంది. మర్నాడు కుంతి దుప్పటి కప్పుకునే కూచుంది.

"బాగున్నాది. ఎచ్చగున్నాది," అంది. "ఇచ్చినాయన మాత్తరం నాకేసి సూడనేదు, ఫోటో తీసినోడికేసి సూసేడు. నా పేరు అడుగుతాడేమోనని నోట్లోనే అట్టిపెట్టుకున్నాను."

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే నీలవేణి తిరుపతిరావు దగ్గర నిలబడింది.

"అంకుల్, గూడ్సు షెడ్డు దగ్గర ఉండే కుంతిని కొలాబ్ డ్యామ్ నీళ్ళ మీదికి తీసుకెళ్దామనుకుంటున్నాను. వాళ్ళ ఊరు దాని కింద ఉంది. వాళ్ళమ్మని అక్కడే పూడ్చారట. అంబలి పోసి రావాలంటోంది."

తిరుపతిరావు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన సువార్త చెప్పడానికి నారాయణపట్న కొండలన్నీ కాలినడకన తిరిగాడు. ఎంతమందినో ఆసుపత్రులకు మోసుకెళ్ళాడు. కొన్ని విషయాల్లో మాత్రం గీత దాటడు.

"చచ్చిపోయినోళ్ళకి పెట్టడం మన పద్ధతి కాదు కదమ్మా. నువ్వు దగ్గరుండి చేయిస్తే చూసినోళ్ళు ఏటనుకుంటారు?"

"నేను పొయ్యను అంకుల్. ఆవిడ పోస్తుంటే పక్కన కూచుంటాను."

"ప్రభువు సంగతి చెప్పకుండా ఊరికే కూచోడానికి అంత దూరం వెళ్ళాలా?"

"మా అమ్మ దగ్గర ఎవరూ కూచోలేదు అంకుల్."

తిరుపతిరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మంచు ఎక్కువగా ఉంటాది. జాగ్రత్తగా వెళ్ళు," అన్నాడు చివరికి.

సుమంత్ ఇదంతా విని ఎక్కువ మాట్లాడలేదు. అతని తీరే అంత. సెలవురోజున మోటార్ సైకిల్ వేసుకుని జలాశయం ఒడ్డు గ్రామాలు తిరిగి, దోనె నడిపే ఒక ముసలాయన్ని మాట్లాడుకుని వచ్చాడు. "ఆయన ఊరు కూడా లోపలే ఉందిట," అన్నాడు భోజనం చేస్తూ. "సిరిసిగుడ అంటే వెంటనే అటు చెయ్యి చూపించేడు."

వెళ్ళేరోజు కుంతి కుళాయి దగ్గర తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది. మూడు ఇటుకల పొయ్యి మీద తనే రాగిపిండితో చోడంబలి కాచి, ఆనపకాయ బుర్రలో పోసి, ఆకుతో మూతి బిగించింది. ఆటోలో ఆ బుర్రను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఒడ్డున సుమంత్ ఉండిపోయాడు. దోనె మంచులోకి కదిలింది. పది బారలు పోయేసరికి ఒడ్డు లేదు. పైన తెలుపు, కింద తెలుపు, మధ్యలో తడి చెక్క వాసన. తెడ్డు నీళ్ళలో ముంచిన చప్పుడు దగ్గరే అయినా దూరం నుంచి వచ్చినట్టుంది. కొంతసేపటికి కొండల కొసలు తేలుతున్నట్టు కనిపించాయి. ఒకప్పుడు అవి కొండలు. ఇప్పుడు దీవులు. ముసలాయన, కుంతి తమ దేశియా భాషలో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నీలవేణికి అక్కడక్కడ ఒక మాట అందుతోంది. వాగు అంటున్నారు, సంత దారి అంటున్నారు, ఎవరిదో మామిడిచెట్టు అంటున్నారు. నీళ్ళ మీద సాగుతూ వాళ్ళు కింద ఉన్న దారినే పోతున్నారని ఆమెకు అర్థమైంది. ఒకచోట దోనె కొంచెం పక్కకు తిరిగింది. అక్కడ గట్టు ఉండేదట.

"ఇక్కడే," అంది కుంతి.

ముసలాయన తెడ్డు పైకి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దోనె కొద్దిగా ఊగి ఆగింది. కుంతి నీటి మీద అరచెయ్యి ఆనించింది, నిద్రపోతున్న మనిషి వీపు మీద వేసినట్టు. తర్వాత బుర్ర మూతి విప్పి అంబలి పోసింది. బూడిదరంగు ధార నీళ్ళలో మబ్బులా విచ్చుకుంటూ కిందికి దిగిపోయింది. ఆమె తల్లితో మాట్లాడుతోంది. ఆ మాటల్లో ఏడుపు లేదు. ఇంటికొచ్చిన కూతురు సంచీ దించుకుంటూ చెప్పే కబుర్లలా ఉన్నాయి. బట్టీలు, పార్వతీపురం, నడుమునొప్పి. మధ్యలో నీలవేణి పేరు కూడా వినిపించింది.

నీలవేణి పక్కనే కూచుంది. తను అనుకున్నది అంతే. కానీ దోనె అడుగు చెక్క కింద నుంచి ఏదో చప్పుడు అరికాళ్ళకు తగిలింది. దుమ్, దుమ్. ఆమె ముసలాయన వైపు చూసింది.

"నీలు కొడతన్నాయి," అన్నాడాయన. ఒళ్ళోని తెడ్డు మీద చెయ్యి వేసి, "నాకూ ఇనిపిత్తాది," అన్నాడు.

అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. శాలువా నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కుంతి తడిచేత్తో ఆమె తల నిమిరింది.

"మీ అమ్మ పేరేటి అమ్మి?"

"బాలామణి."

కుంతి నీళ్ళ మీదికి వంగి గట్టిగా, ఇరుగింటివాళ్ళను పిలిచినట్టు, ఏదో చెప్పింది. ఏమన్నావని నీలవేణి అడిగితే, "మా అమ్మకి సెప్పేను. బాలామణని ఒకాయమ్మ ఉన్నాది, కొత్తగా ఒచ్చింది, ఒంటరిగా ఒదిలీకు, సూసుకో అని," అంది.

తన విశ్వాసంలో ఈ మాటకు చోటెక్కడో నీలవేణికి తెలియదు. వద్దని అనలేకపోయింది. అమ్మ ఇష్టంగా పాడుకునే క్రైస్తవ పాట ఒకటుంది. ఆమె దాన్ని మొదలుపెట్టింది. మొదటి చరణంలో తడబడి, రెండో చరణానికి సర్దుకుంది. కుంతికి మాటలు రాకపోయినా రాగం పట్టుకుని వెనకాలే వచ్చింది. మంచు వాళ్ళ గొంతుల్ని దూరం పోనివ్వకుండా దగ్గరే ఉంచింది.

ఒడ్డుకు వచ్చాక సుమంత్ ముగ్గురికీ ఇడ్లీ పొట్లాలు విప్పి పెట్టాడు. ఆరోజు నుంచి కుంతి కౌంటర్లో చెయ్యి పెట్టి టికెట్ అడగలేదు. సీసాలు ఏరడం మానలేదు, షెడ్డు అరుగు వదల్లేదు. తమ ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యమని నీలవేణి అడిగితే నవ్వింది. "నాలుగు గోడల మధ్యన నాకు నిద్దర రాదమ్మి. అలవాటు పోనాది."

మంచు రోజులు అయిపోయి ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. ఒక పొద్దున్న కుంతి ఉతికిన చీరలో కనిపించింది.

"ఇంక మీ అమ్మ కాడికెల్దాం," అంది.

నీలవేణి చేతిలోని ఫ్లాస్కు అరుగు మీద పెట్టేసింది. "ఎక్కడుందో నాకు తెలీదప్పా."

"మా ఊరు నీకు తెలుసేటి? ఒచ్చేవు గదా."

నీలవేణి సెలవు పెట్టి, ఇద్దరికీ టికెట్లు తీసుకుని రాయగడ బండి ఎక్కింది.

ఆ దారి అంతా సొరంగాలు, వంతెనలు. చీకటి వచ్చి మీద పడుతుంది, చెవులు మూసుకుపోతాయి, మళ్ళీ తటాలున వెలుగు, కింద ఎక్కడో లోయలో ఏరు. సొరంగం వచ్చినప్పుడల్లా కుంతి ఊపిరి బిగపట్టి, బయటపడ్డాక వదిలేది. చూసి చూసి నీలవేణి కూడా అలాగే చేయడం మొదలుపెట్టింది. ఒక పొడుగు సొరంగంలో ఇద్దరూ పట్టలేక ఒకేసారి వదిలేసి నవ్వుకున్నారు. ఆ దారిలో తను మళ్ళీ నవ్వుతుందని ఆమె అనుకోలేదు.

రాయగడలో దిగాక మాత్రం ఎటు వెళ్ళాలో తోచలేదు. శ్మశానం నాగావళి ఒడ్డున ఎక్కడో ఉందని తెలుసు, అంతే. మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి అడగాలా, ఎవరిని అడగాలి, ఏమని అడగాలి. ఆమె ఆలోచిస్తుండగానే కుంతి స్టేషన్ బయటి గోడ వెంట నడుచుకుంటూ పోయింది. అక్కడ అడుక్కునేవాళ్ళు, మూటలు పెట్టుకుని బతికేవాళ్ళు వరసగా కూచుని ఉన్నారు. ఎక్కడికెళ్ళినా కుంతి మొదట పలకరించేది వాళ్ళనే. కింద కూచుంది, ఒకరి బీడీ వెలిగించింది, ఏదో అడిగింది. కాసేపటికి చెయ్యెత్తి పిలిచింది.

"అమ్మి, ఇలా రా. ఈయమ్మకి మీ అమ్మ తెలుసట."

గోడకు చేరబడి ఒక ముసలావిడ కూచుని ఉంది. పేరు బంగారమ్మ. ఒక కన్ను తెల్లబడిపోయింది. కుష్ఠు తిన్న వేళ్ళు సగమే మిగిలాయి. ఆ చేతుల్తోనే నీలవేణి మొహం పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"బాలామణమ్మ కూతురివా? అవును, ఆ నుదురే. మీ అమ్మ మా కాడ కూకుని కబుర్లు సెప్తంటే నువ్వు నా ఒల్లో నిద్దరోయేదానివి. ఇంతుండేదానివి."

నీలవేణికి మొహం గుర్తు రాలేదు. గొంతు గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు నిద్ర పట్టేముందు పైనెక్కడో అమ్మ గొంతుతో కలిసి వినిపించే గొంతుల్లో అదొకటి.

"అమ్మ పోయినప్పుడు నేను రాలేకపోయాను," అంది.

"తెలుసు. జొరమట గదా. ఆసుపత్రి ఊడ్సే మనిసి సెప్పింది."

"అమ్మ దగ్గర ఎవరూ లేరు."

బంగారమ్మ ఆమెకేసి వింతగా చూసింది. "ఎవలు సెప్పేరు నీకు? మావున్నాం."

నీలవేణికి అర్థం కాలేదు.

"బండి ఎల్తన్నాదని తెలిసి ఎనకాలే నడిసేం. ఇల్లున్నోలందరూ ఇల్లల్లో ఉన్నారు. మాకు ఇల్లేవి, మావు ఎల్లగలిగేం. పోలీసులు కేకలేసేరు. ఎక్కడికెల్లమంటారు బాబూ అన్నాను. ఊరుకున్నారు. గేటు కాడ లోనికి రానియ్యనేదు. గోడ ఎత్తు తక్కువ, బయట నిలబడి సూసేం. మట్టి పోసిందాకా పాడేం. ఆయమ్మ నేర్పిన పాటే. లోన తవ్వినాయన పార ఆపి ఇన్నాడు."

నీలవేణి అక్కడే, స్టేషన్ గోడ పక్కన దుమ్ములో కూలబడిపోయింది. పక్కనుంచి ఆటోలు పోతున్నాయి. ఇన్నేళ్ళూ ఆమె మనసులో ఒక నిశ్శబ్దమైన గొయ్యి ఉండేది. ఇప్పుడు ఆ గొయ్యి చుట్టూ మనుషులు వచ్చి నిలబడ్డారు. మూటల్తో, కర్రల్తో, చింపిరి తలల్తో గోడ మీదుగా తొంగి చూస్తూ పాడుతున్నారు. కుంతి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

అందరూ కలిసి నది ఒడ్డుకు నడిచారు. బంగారమ్మ మెల్లగా నడుస్తుంది కాబట్టి అందరూ మెల్లగానే నడిచారు. శ్మశానం గేటు తీసే ఉంది. ఆ కరోనా ఏడాది పోయినవాళ్ళ దిబ్బలన్నీ ఒక పక్క, తుప్పలు పెరిగి పేర్లు లేకుండా ఉన్నాయి. కానుగచెట్టు పక్కనున్న దిబ్బ మీద మాత్రం తుప్పల్లేవు. చుట్టూ ఏటి రాళ్ళు పేర్చి ఉన్నాయి.

"వానలకి జరిగిపోతాయి," అంది బంగారమ్మ. "మల్లీ పెడతాం."

నీలవేణి ఆ రాళ్ళ పక్కన చాలాసేపు కూచుంది. తల ఎటు పెట్టారని అడిగింది. నది వైపు అని చెప్పారు. తర్వాత వాళ్ళు పాట ఎత్తుకున్నారు. అదే పాట. కానీ ఒకచోట మాటలు మారిపోయాయి. అసలు మాటలు మర్చిపోయి ఆరోజు దాని స్థానంలో వాళ్ళే ఒకటి పెట్టుకున్నారట, ఇప్పటికీ అలాగే పాడుతున్నారు.

"బాలామణమ్మ ఒచ్చింది, తలుపు తియ్యి సామీ."

నీలవేణి కూడా ఆ మాటలే పాడింది. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. పెద్ద ప్రార్థనేం కాదు. యేసయ్యా, వీళ్ళకు తోడుండు అనబోయింది. నువ్వు ఇక్కడే ఉన్నావు కదా అని మాత్రం అంది. మాటలు గొంతులోంచి కాక ఇంకెక్కడినుంచో వచ్చాయి. కళ్ళు తెరిచేసరికి కుంతి పక్క దిబ్బ మీది తుప్పలు పీకుతోంది. నీలవేణి చీర చెంగు దోపుకుని దాని పక్క దిబ్బ దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం బండికి టైమయ్యేదాకా ఆ వరసలో ఎన్ని శుభ్రం చేయగలిగితే అన్ని చేశారు. ఎవరివో తెలియదు. పేర్లు తెలియనివాళ్ళ దగ్గర బంగారమ్మ, "నువ్వెవరివోగానీ బాగుండు," అంటూ వెళ్ళింది.

ఆ తర్వాత నీలవేణి తరచు రాయగడ వెళ్ళేది. ఇవ్వడానికి ఏదో ఒకటి తీసుకెళ్ళేది, కానీ చాలాసార్లు వాళ్ళే ఆమెకు పెట్టారు. స్టేషన్ గోడ పక్కన మూకుడులో వేయించిన చేపలు, ఆకులో అన్నం. నిలబడి తినబోతే బంగారమ్మ ఊరుకునేది కాదు.

వానాకాలంలో ఒకరోజు బంగారమ్మను, ఆమెతో ఉండే ఇంకో ఇద్దరిని నీలవేణి కొరాపుట్ తీసుకొచ్చింది. కుంతి స్టేషన్లో ఎదురొచ్చి వాళ్ళ మూటలు అందుకుంది. ఆ ఆదివారం ఆరాధన నీలవేణి వాళ్ళ క్వార్టర్లో పెట్టుకున్నారు. తిరుపతిరావు పనసపండు ఒకటి చంకన పెట్టుకుని తడుస్తూ వచ్చాడు. గుమ్మంలో ఆగి, చాప మీద కూచున్నవాళ్ళను చూశాడు. ఆయనకోసం వేసిన కుర్చీ అలాగే వదిలేసి, మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ చాప మీద కుంతి పక్కన కూచున్నాడు.

"మీ పేరు కుంతి కదమ్మా," అన్నాడు. "నీలవేణి చెప్పింది. నేను అడగనే లేదు."

"ఇప్పుడు అడిగేవు గదా బాబూ," అంది కుంతి.

వాక్యం చెప్తున్నంతసేపూ బంగారమ్మ ఆయనకేసే చూస్తూ వింది. కుంతి సగంలోనే గోడకు ఆని కునుకు తీసింది. ఎవరూ లేపలేదు.

భోజనాలయ్యాక వాన పెరిగింది. తిరుపతిరావు కూడా కదల్లేకపోయాడు. ముందు గదిలో ఎక్కడివాళ్ళక్కడే ఒరిగిపోయారు. పెంకుల మీద వాన చప్పుడు, దాని కింద రకరకాల గురకలు, పనసతొనల వాసన. గదంతా వాన వెలుగులో ఆకుపచ్చగా ఉంది. జల్లు లోపలికి కొడుతుంటే నీలవేణి కాళ్ళూ చేతులూ తొక్కకుండా మధ్యలోంచి నడిచి కిటికీ రెక్క దగ్గరికి వేసింది. బంగారమ్మ మీద దుప్పటి జారితే సర్దింది.

సుమంత్ వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "టీ ఎందరికి పెట్టమంటావు?"

"లేచాక అడుగుదాం," అంది నీలవేణి. గుమ్మానికి ఆనుకుని, అక్కడే కింద కూచుంది.